టర్బోచార్జర్ సీళ్లు

టర్బోచార్జర్ ఇరుసు మీద టర్బైన్ వైపు, కంప్రెసర్ వైపు అమర్చే సన్నని లోహపు రింగులు. పిస్టన్ రింగుల కోవకు చెందినవే. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరగగలదు, ఆ వేగానికీ వేడికీ రబ్బరు నిలవదు. ఆయిల్‌ను లోపలే ఆపడంలో రింగు బిగువు కన్నా అటూ ఇటూ ఉండే గాలి, పొగల పీడనానిదే పెద్ద పాత్ర. కాబట్టి ఆయిల్ కారిన ప్రతిసారీ తప్పు సీలుది కాదు. టర్బో నుంచి కిందికి దిగే డ్రెయిన్ గొట్టం మసిపట్టి పూడుకున్నా, క్రాంక్‌కేస్ బ్రీదర్ మూసుకుపోయినా సైలెన్సర్ నీలి పొగ కక్కుతుంది. ముందు వాటిని చూడకుండా టర్బో విప్పడం డబ్బు దండగ.

ఇంట్లో రిపేర్ కిట్‌తో సీళ్లు మార్చేవారు తిరిగి అదే స్థానంలో బిగించేందుకు, విప్పేముందే ఇరుసు, కంప్రెసర్ చక్రం, నట్టుల మీదుగా ఒకే గీత గీసుకుంటారు. చాలా టర్బోల్లో ఆ నట్టుకు ఎడమ మర ఉంటుంది, అలవాటుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. రింగు కూర్చునే గాడి అరిగిపోతే కొత్త రింగూ నిలవదు. గీతలు కలిపి బిగించినా బ్యాలెన్సింగ్ యంత్రానికి సాటి రాదు, అందుకే చాలామంది బ్యాలెన్స్ చేసి వచ్చే కోర్‌నే (ఇరుసు, చక్రాలు ఉండే మధ్య భాగం) మొత్తంగా మారుస్తారు. స్టార్ట్ చేసేముందు ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి ఇరుసును చేత్తో తిప్పాలి. ఇంటర్‌కూలర్‌లో చేరిన పాత ఆయిల్‌ను తీసేయకపోతే డీజిల్ ఇంజిన్ దాన్నే ఇంధనంగా పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తవచ్చు.