రాజీనామా అడిగే ప్రశ్న ఎలా మారింది

1963 డిసెంబరులో కేరళ హోం మంత్రి పి.టి. చాకో స్వయంగా నడుపుతున్న కారు త్రిస్సూరు దగ్గర ఒక తోపుడుబండిని ఢీకొట్టింది. ప్రమాదం చిన్నదే. కానీ ఆయన పక్కన ఒక మహిళ కూర్చుని ఉన్నారన్న మాట రాష్ట్రమంతా పాకిపోయింది. ఆమె కాంగ్రెస్ కార్యకర్త అని చాకో చెప్పినా గొడవ సద్దుమణగలేదు. సొంత పార్టీ ఎమ్మెల్యే ప్రహ్లాదన్ గోపాలన్ ఆయన రాజీనామా కోరుతూ నిరాహార దీక్షకు కూర్చున్నారు. 1964 ఫిబ్రవరిలో చాకో మంత్రి పదవి వదులుకున్నారు. ఆగస్టు 1న గుండెపోటుతో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 49 ఏళ్లు. ఆయన అనుచరులైన 15 మంది ఎమ్మెల్యేలు సెప్టెంబరులో అవిశ్వాస తీర్మానానికి మద్దతిచ్చి, ఆర్. శంకర్ ప్రభుత్వాన్ని పడగొట్టారు. అక్టోబరులో కొట్టాయంలో కేరళ కాంగ్రెస్ పుట్టింది.

ఇంత జరిగినా, చర్చంతా కారులో ఉన్నది ఎవరు అన్న దాని చుట్టూనే తిరిగింది. మంత్రి తన అధికారాన్ని ఎవరి మీదైనా వాడారా అన్నది అసలు ప్రశ్న కావాలి. అది లేనప్పుడు ఆ రాజీనామా అడగడమే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. అదే ఫిబ్రవరిలో మన నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలు అందుకు కారణం. అక్కడ ప్రశ్న అధికార వినియోగం గురించే. పదవిని ప్రశ్నించాల్సిన చోటు అది.

వ్యక్తిగత వివాదంలో ఇరుక్కుంటే మంత్రి తప్పుకోవాలని రాజ్యాంగం ఎక్కడా చెప్పలేదు. చట్టసభ సభ్యత్వం పోవాలంటే సాధారణంగా కోర్టులో శిక్ష పడాలి. మిగతాదంతా పార్టీ లెక్క, పత్రికల ఒత్తిడి, జనం ఆగ్రహం.

2009 డిసెంబరులో, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు, హైదరాబాద్ రాజ్‌భవన్‌లోని అసభ్య దృశ్యాలంటూ ఒక తెలుగు టీవీ చానల్ వీడియో ప్రసారం చేసింది. ఆరోపణలను ఖండించిన గవర్నర్ ఎన్.డి. తివారీ మర్నాడే, డిసెంబరు 26న, అనారోగ్య కారణాలు చూపి రాజీనామా చేశారు. విచారణ లేకుండా, ఆరోగ్యం పేరుతో ముగిసిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అధికార నివాసంలో ఏం జరిగిందో తెలుసుకునే హక్కు ప్రజలకు ఉంది.

ఈలోగా కొలమానం మారుతూ వచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో వాటి నిరోధక చట్టం వచ్చాయి. మగవాడి నడత మీద గుసగుసలుగా సాగిన వ్యవహారం బాధితురాలి ఫిర్యాదుగా మారింది. 2017 జనవరిలో మేఘాలయ గవర్నర్ షణ్ముగనాథన్‌పై రాజ్‌భవన్ ఉద్యోగులే రాష్ట్రపతికి, ప్రధానికి లేఖ రాశారు. ఆయన పదవి వదిలారు.

కేరళ కూడా ఈ దారిలో చాలా నేర్చుకుంది. 2006లో విమానంలో ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించారన్న ఫిర్యాదుపై మంత్రి పి.జె. జోసెఫ్ తప్పుకున్నారు. ఆయన చాకో అనుచరులు పెట్టిన పార్టీ సంప్రదాయంలోంచి వచ్చిన నాయకుడే. 2009లో కోర్టు నిర్దోషిగా తేల్చాక మళ్లీ మంత్రి అయ్యారు. ఈ పద్ధతి సరైనది: ఫిర్యాదు ఉంది కాబట్టి పక్కకు తప్పుకోవడం, తేలాక తిరిగి రావడం. 2017 మార్చిలో మంత్రి ఏ.కె. శశీంద్రన్ తన ఫోన్ సంభాషణ ఒక చానల్లో రాగానే అదే రోజు రాజీనామా చేశారు. అది తమ జర్నలిస్టుతో చేయించిన స్టింగ్ అని చానల్ తర్వాత ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2018 ఫిబ్రవరిలో ఆయన మంత్రివర్గంలోకి తిరిగొచ్చారు.

అదే ఏడాది అక్టోబరులో, సంపాదకుడిగా ఉన్నప్పుడు వేధించారంటూ పలువురు మహిళా జర్నలిస్టులు గొంతు విప్పడంతో కేంద్ర మంత్రి ఎం.జె. అక్బర్ పదవి వదిలారు. ఒక జర్నలిస్టుపై ఆయన వేసిన పరువునష్టం కేసును 2021లో ఢిల్లీ కోర్టు కొట్టేసింది. దశాబ్దాల తర్వాతైనా మహిళ తన బాధ చెప్పుకోవచ్చని ఆ తీర్పు తేల్చింది. ఆయన రాజ్యసభ సభ్యత్వం మాత్రం 2022లో గడువు తీరేదాకా కొనసాగింది.