పీకీ బ్లైండర్స్ ధారావాహికలోని తుపాకులు

స్టీవెన్ నైట్ సృష్టించిన బ్రిటిష్ నేరకథా ధారావాహిక 'పీకీ బ్లైండర్స్' 2013 సెప్టెంబరు నుండి 2022 ఏప్రిల్ వరకు బీబీసీలో ఆరు భాగాలుగా, 36 ఎపిసోడ్లుగా ప్రసారమైనది. కథ 1919లో బర్మింగ్‌హామ్ నగరపు కార్మికవాడ స్మాల్ హీత్‌లో ఆరంభమగును. యుద్ధభూమి నుండి తిరిగివచ్చిన టామీ షెల్బీ (నటుడు కిలియన్ మర్ఫీ) ఇందు ముఠా నాయకుడు.

ఈ కథకు బీజము తుపాకులే. బి.ఎస్.ఏ. కర్మాగారము నుండి లిబియాకు పోవలసిన ఆయుధాల పెట్టె పొరపాటున షెల్బీల చేతికి చిక్కును. అందులో 25 లూయిస్ మెషిన్‌గన్లు ఉన్నవి. వాటిని రాబట్టుటకు చర్చిల్ బెల్‌ఫాస్ట్ నుండి ఒక ఇన్‌స్పెక్టరును పంపును. ఈ పెట్టె కల్పితమే గాని కర్మాగారము కల్పితము కాదు. బి.ఎస్.ఏ. అనగా బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో అక్కడి తుపాకి పనివారు కలిసి స్థాపించిన సంస్థ. మన పల్లెబాటలలో తిరిగిన బి.ఎస్.ఏ. సైకిలుకు ఆ పేరు ఇక్కడినుండి వచ్చినదే. ఒకదానికొకటి ఆనించి నిలిపిన మూడు తుపాకులు ఆ సంస్థ చిహ్నము.

లూయిస్ గన్‌ను అమెరికా సైనికాధికారి ఐజక్ న్యూటన్ లూయిస్ రూపొందించెను. పైభాగమున పళ్లెము వలె తిరుగు గుండ్రని డబ్బాలో 47 తూటాలు పట్టును. బరువు సుమారు 13 కిలోలు, ఒక్కడే మోయగలడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున బి.ఎస్.ఏ. ఇట్టివి లక్షా 45 వేలకు పైగా తయారుచేసినది. ఇది పేల్చునది .303 తూటా. మన పోలీసు ఠాణాలలో దశాబ్దాలపాటు కనిపించిన 'త్రీ నాట్ త్రీ' తుపాకి తూటా కూడ అదే.

పాత్రల చేతులలో కనిపించు మరొక ఆయుధము వెబ్లీ రివాల్వరు. ఇదియు బర్మింగ్‌హామ్ సరుకే. 1915లో సైన్యము స్వీకరించిన ఆరవ నమూనాలో .455 తూటాలు ఆరు పట్టును. మధ్యకు విరిచినచో ఖాళీ గుళ్లన్నియు ఒక్కసారిగా బయటపడును. యుద్ధము ముగిసిన పిదప ఇట్టి పిస్తోళ్లు ఎన్నో ఇళ్లకు చేరినవి. అప్పటి 1903 చట్టము బలహీనమైనది; పోస్టాఫీసులో లైసెన్సు కొన్నవాడు పిస్తోలు కొనవచ్చును. విప్లవ భయముతో 1920లో వచ్చిన చట్టము స్థానిక పోలీసు అధికారి అనుమతిని తప్పనిసరి చేసినది. అదే ప్రభుత్వము భారతదేశమున 1878 నాడే భారతీయులకు లైసెన్సు విధించి, ఐరోపావారిని మినహాయించినది. అడవి అంచున పంటకు కాపుండు రైతు నాటు తుపాకికి చీటీ కావలెను, దొరకు అక్కరలేదు.

ధారావాహికలో ఇంతగా తుపాకులు మ్రోగినను, అసలు పీకీ బ్లైండర్లు 1890ల నాటి వీధి ముఠాలు. వారి ఆయుధాలు ఇత్తడి బకిల్ గల బెల్టులు, బూట్లు, కత్తులు. టోపీ అంచున బ్లేడు కుట్టుకొనుట కూడ కట్టుకథయే యని చరిత్రకారుడు కార్ల్ చిన్ అభిప్రాయము. వాడిపారవేయు గిల్లెట్ బ్లేడ్లు అమ్మకానికి వచ్చినది 1903లో.