మోగని కూత

పద్యాన్నో, ఛందస్సునో ఆశించి వచ్చినవారు ఈసారికి మన్నించాలి. ఈ టపా ఒక కూతను గురించినది.

మా చోడవరం ప్రాంతంలో కూత అంటే గోవాడ చక్కెర మిల్లు కూతే. చెరకు ఆడే కాలంలో దానిని బట్టి పొయ్యిమీద ఎసరు పెట్టిన ఇల్లాళ్ళను, పశువులను విప్పిన రైతులను నేనెరుగుదును. గడియారం లేని ఇళ్ళకు కూడా ఆ కూత అర్థమయ్యేది. శబ్దానికి అర్థం సంకేతం వలన కలుగుతుందని తర్కశాస్త్రం చెబుతుంది. అంటే, ఈ శబ్దానికి ఇది అర్థమని వినేవారికి ముందే తెలిసి ఉండాలి. తెలియనినాడు అది వట్టి ధ్వని. చిన్ననాడు వల్లించిన ఈ సూత్రం విలువ నాకు 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున బోధపడింది.

ఆ వేళ గోపాలపట్నం దగ్గర కాపురమున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. మా వీధిలో పెరిగినవాడే. "మాస్టారూ, ఏదో ఘాటు వాసనండీ. కళ్ళు మండిపోతన్నాయి. జనం పరిగెడతన్నారు. ఎటు పోమంటారండీ?" అన్నాడు. "ఊరికి వచ్చెయ్ బాబూ" అన్నాను. గాలి ఎటు వీస్తున్నదో నేను అడగలేదు. అడగాలని కూడా నాకు తెలియదు. అతడు భార్యాబిడ్డలతో క్షేమంగా బయటపడ్డాడు. అది దైవానుగ్రహమే కాని నా సలహా గొప్పతనం కాదు. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నేను, ఒక శిష్యుడు ప్రాణభయంతో అడిగిన ప్రశ్నకు తోచిన జవాబు చెప్పాను.

ఆ రాత్రి ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారంలో జరిగినది మీకు తెలిసినదే. అక్కడి పెద్ద ట్యాంకులో స్టైరీన్ అనే ద్రవం నిల్వ ఉంది. వేడి తగిలితే దాని అణువులు తమంతట తామే గొలుసుకట్టుగా కలుస్తాయి. ఆ కలయిక మరింత వేడిని పుట్టిస్తుంది. అందుచేత దానిని చల్లగా ఉంచాలి, కలయికను నిరోధించే రసాయనాన్ని తగుపాళ్ళలో చేర్చాలి. లాక్‌డౌన్‌లో కర్మాగారం వారాల తరబడి మూతపడి ఉండగా ఈ శ్రద్ధ లోపించింది. సుమారు మూడు గంటల వేళ ఆవిరి ఊరిమీద పడింది. పన్నెండుమంది మరణించారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. చీకటిలో దిక్కు తెలియక పరుగెత్తి బావిలో పడినవారూ ఉన్నారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. సైరన్ మోగించడానికి ఆవరణలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నదట. ఏ ఒక్కచోటి నుంచీ మోగించలేదట.

ఇది మనకు క్రొత్త పాఠం కాదు. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమందిని బలిగొన్నది. అక్కడ బయటివారికి వినిపించే సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకొంటే కొంత రక్షణ దొరుకుతుందన్న ఒక్క మాట ఆ పేటలవారికి ముందుగా ఎవరూ చెప్పలేదు.

ఆ చితులపై నుంచే మన చట్టాలు పుట్టాయి. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో కర్మాగారాల చట్టానికి సవరణ, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు, 1996లో రసాయన ప్రమాదాలను ఎదుర్కొనే నిబంధనలు వచ్చాయి. వీటి సారం ఇది: కర్మాగారం లోపలి అత్యవసర ప్రణాళికను యాజమాన్యం వ్రాయాలి, ఆరు నెలలకొకసారి అభ్యాసం చేయాలి. ప్రహరీ బయటి ప్రణాళికను జిల్లా అధికారులు వ్రాయాలి, ఏటా అభ్యాసం జరపాలి. ప్రమాదం సోకగల చుట్టుపట్లవారికి ఆ ప్రమాద స్వభావమేమిటో, అప్పుడు చేయవలసినదేమిటో, చేయకూడనిదేమిటో యాజమాన్యం ముందుగా తెలియజేయాలి. 1996 నిబంధనలైతే స్థానిక సంఘంలో సర్పంచు వంటి గ్రామ పెద్దకు, స్థానిక పత్రికా సంపాదకునికి, ఇద్దరు వైద్యులకు, ఇద్దరు సంఘసేవకులకు కూడా స్థానం కల్పించాయి. ఎంత చక్కని ఆలోచన! కాని తన పేర అటువంటి కుర్చీ ఒకటున్నదని ఎరిగిన సర్పంచు నాకింతవరకు తారసపడలేదు.

ఆ నిబంధనలు వచ్చిన మరుసటి ఏడే, 1997 సెప్టెంబరు 14వ తేదీ ఆదివారం ఉదయం, విశాఖలోని హిందుస్థాన్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారంలో ఓడ నుంచి నిల్వ గోళాలలోకి ఎక్కిస్తున్న వంటగ్యాసు కారి నిప్పంటుకొన్నది. సుమారు అరవైమంది ఆహుతయ్యారు. నల్లని పొగను చూచి వేలాది జనం నగరం విడిచి పరుగులు తీశారు. ఎంత దూరం పోవాలో, ఎప్పుడు తిరిగి రావాలో వారికి చెప్పినవారు లేరు.

శిష్యుని ఫోను తరువాత ఈ విషయమై కొంత చదివాను. గాలివాలున పరుగెత్తరాదు; గాలికి అడ్డంగా ప్రక్కకు తొలగాలి. స్టైరీన్, క్లోరిన్, వంటగ్యాసు గాలికంటె బరువైనవి, పల్లంలో చేరుతాయి. కనుక మెరక మేలు. కాని అమోనియా సాధారణంగా తేలికైనది. భోపాల్‌లో పనికివచ్చి ఉండే తడిగుడ్డ, నీటిలో ఇంచుమించు కరగని స్టైరీన్ ముందు అంతగా పనిచేయదు. ఒక్కొక్కప్పుడు పరుగెత్తడంకంటె తలుపులు బిగించుకొని లోపలనుండడమే శ్రేయస్కరం. ఏది ఎప్పుడో లోకజ్ఞానం చెప్పజాలదు. గోడ లోపల ఏమున్నదో ఎరిగినవారే గోడ బయటివారికి ముందుగా చెప్పాలి. చట్టం కోరినదీ అదే.

2022 ఏప్రిల్ 4 నుంచి మా చోడవరం అనకాపల్లి జిల్లాలో చేరింది. ఆ జూన్‌లోనే మా క్రొత్త జిల్లాలోని అచ్యుతాపురంలో విషవాయువు సోకి వందలమంది మహిళా కార్మికులు సొమ్మసిల్లారు. 2024 ఆగస్టు 21న అక్కడి మందుల కర్మాగారంలో కారిన ద్రావకపు ఆవిరి పేలి పదిహేడుమంది మరణించారు. జిల్లా పేరు మారింది. ప్రణాళిక ప్రతిని గ్రామ చావడిలో చదివి వినిపించే ఆచారం మాత్రం రాలేదు.

కర్మాగారాల చెంత నివసించే మిత్రులకొక విన్నపం. మీ పంచాయతీలోనో, పిల్లల బడిలోనో ఈ మూడు ప్రశ్నలు అడగండి. గోడ లోపల ఉన్నదేమిటి? కూత ఎట్లా మోగుతుంది? మోగితే మేమేం చేయాలి? జవాబు దొరికితే ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి. దొరకకపోయినా వ్రాయండి.

గోవాడ కూత వినగానే ఎసరు పెట్టాలని మా అమ్మకు ఎవరో ఒకనాడు చెప్పే ఉంటారు. అన్నానికి కుదిరిన సంకేతం ప్రాణానికి కుదరకూడదా?

స్వస్తి.