గ్రహణివ్యాధియు సుబ్బారావుగారి మందును

గర్భవతులకు ప్రభుత్వ వైద్యశాలలలో ఇనుముతో కలిపి యిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర మన పాపిరెడ్డిపట్టి స్త్రీలకు సుపరిచితమే. దాని చరిత్రలో ఒక తెలుగువారి శ్రమ యున్నదని యెఱిగినవారు కొలదిమంది.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివిరి. స్ప్రూ అను గ్రహణివ్యాధి వారి అన్నగారిని బలిగొనెను. వారిని గూడ పీడించెను. ఆ వ్యాధిలో ప్రేగులు ఆహారసారమును గ్రహింపలేవు, రక్తము క్షీణించును.

బొంబాయి గర్భవతుల రక్తహీనత ఈస్టు సారముతో నయమగునని 1931లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ప్రకటించిరి. అందలి గుణము ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. అమెరికాలోని లెడర్లే సంస్థలో సుబ్బారావుగారి నాయకత్వమున 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. వారి పర్యవేక్షణలోనే డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెలువడెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి.

నేడు స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లినును కలిపి వాడుదురు. అన్నగారికి దొరకని చికిత్స ఇట్లు లోకమునకు లభించినది.

ఫోలిక్ ఆమ్లము చాలనిచో తొలి నెలలోనే గర్భస్థ శిశువు వెన్నెముకకు లోపము కలుగవచ్చును. కావున మన యాడపడుచులు వికారమని మాత్రను పారవేయక, వైద్యుల నడిగి వాడుకొందురుగాక.