ప్యాన్‌పాట్

పేరు వింటే పెనమూ కుండా గుర్తొస్తాయి గానీ, దీనికి వంటింటితో ఏ చుట్టరికమూ లేదు. పనోరమిక్ పొటెన్షియోమీటర్ అన్న బారెడు పేరును ఇంజనీర్లు కత్తిరించగా మిగిలిన ముక్క ఇది. పనోరమా 18వ శతాబ్దం చివర గ్రీకు మాటలు అతికించి చేసిన పదం: పాన్ అంటే సమస్తం, హొరామా అంటే దృశ్యం. నడుమ నిలబడి చుట్టూ తిరిగి చూసేలా రాబర్ట్ బార్కర్ గీసిన గుండ్రటి చిత్రాలకు ఆ పేరు పెట్టారు. అలా కంటికి పుట్టిన మాటను చెవికి తెచ్చింది సినిమా. డిస్నీ వారి ‘ఫాంటేసియా’ (1940) కోసం విలియం గారిటీ, జాన్ హాకిన్స్ ధ్వనిని స్పీకరు నుంచి స్పీకరుకు నడిపించే నాబ్ తయారుచేశారు. అదే ప్యాన్‌పాట్.

నిజానికి ధ్వని ఎక్కడికీ నడవదు. ఒక ఛానల్లో తగ్గుతూ పక్కదానిలో పెరుగుతుంది. కదిలిందని భ్రమపడేది మన చెవే. ఇప్పటి 5.1 (ఐదు స్పీకర్లు, మంద్రధ్వనికి విడిగా ఒకటి) సాఫ్ట్‌వేర్‌లో నాబ్ బదులు చతురస్రంలో మౌస్‌తో లాగే చుక్క ఉంటుంది. వెనక్కి లాగితే వెనక స్పీకర్ల లెవెల్ పెరుగుతుంది. ఆ ‘.1’ మాత్రం ఈ ఆటలోకి రాదు. మంద్రధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు కనుక, దానికి లెవెల్ విడిగా పెట్టుకోవాలి. ఇక హీరో తెర మీద ఎటు పరిగెత్తినా, అతని మాటను చాలామంది మిక్సర్లు మధ్య స్పీకరు దాటనివ్వరు. మంచిపనే చేస్తారు.