గోరంట్ల: పక్కఊర్ల పేర్ల మధ్య

గోరంట్ల ఎక్కడుందని బెంగళూరులో ఎవరైనా అడిగితే నేరుగా జవాబు చెప్పలేను. "హిందూపురం తెలుసా? పోనీ పుట్టపర్తి?" అని మొదలుపెడతాను. కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న పెనుకొండ అంటే కుర్రాళ్ళు వెంటనే పట్టుకుంటారు. చిత్రావతి ఒడ్డున, హిందూపురం నుంచి కదిరికి పోయే దారిలో ఉన్న మండల కేంద్రం అని నేను అనేసరికి అవతలివాళ్ళ ఆసక్తి అయిపోయుంటుంది. తప్పు వాళ్ళది కాదు. ఆ ఊరి చరిత్రే అట్లా నడిచింది.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. గోరంట్ల మాధవరాయస్వామి గుడి కూడా విజయనగర కాలానిదే. కానీ లేపాక్షికి బస్సులేసుకొచ్చే జనం ఇక్కడిదాకా రారు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పజెప్పాడు. బళ్ళారి జిల్లాను చీల్చి 1882లో అనంతపురం జిల్లా చేశారు. కచేరీ పనికి హిందూపురం, కలెక్టరు దగ్గరికి అనంతపురం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక గానీ ఊళ్ళోకి ఒక ఆఫీసు రాలేదు.

ఒకప్పుడు శాసనసభలో గోరంట్ల పేరుతోనే ఒక సీటు ఉండేది. 2004లో ఆ పేరు మీద చివరి సాధారణ ఎన్నిక జరిగింది. నియోజకవర్గాల పునర్విభజనతో 2009 నాటికి అది మాయమై, మండలం పెనుకొండలో కలిసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా మారింది. పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. పేర్లదేముంది అంటారు గానీ, ఎమ్మెల్యే ఏ ఊరి పేరుతో గెలుస్తాడో ఆ ఊరికి మొహమాటానికైనా నాలుగుసార్లు ఎక్కువ వస్తాడు.

ఇదే మండలంలో, హైదరాబాద్–బెంగళూరు హైవే పక్కన పాలసముద్రం ఉంది. అక్కడ దాదాపు ఐదు వందల ఎకరాల్లో నాసిన్ కట్టారు. నాసిన్ అంటే కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల జాతీయ అకాడమీ. 2024 జనవరి 16న ప్రధాని వచ్చి ప్రారంభించారు. అదే రోజు లేపాక్షి వీరభద్రుణ్ణి దర్శించుకుని, రంగనాథ రామాయణ పద్యాలు కూడా విన్నారు. టీవీల్లో లేపాక్షి మోగింది, పాలసముద్రం మోగింది. అది గోరంట్ల మండలమని ఎంతమంది గమనించారో!

నాకు చిత్రంగా అనిపించేది ఇంకోటి. దేశమంతటికీ పన్ను వసూలు చెయ్యబోయే అధికారులు శిక్షణ పొందేది ఇక్కడే. కానీ రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ పన్ను వెయ్యకూడదు, పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప. రేకుల షెడ్డు వేసుకున్నవాడికి ఇంటిపన్ను నోటీసు వస్తుంది, అకాడమీకి రాదు. పన్ను కాకపోతే సేవారుసుమైనా ఇవ్వాలన్న ఏర్పాటు ఒకటుంది. 2009లో రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో కేంద్రం సుప్రీంకోర్టు ముందు దానికి ఒప్పుకుంది. పూర్తి సేవలు వాడుకుంటే పన్నులో 75 శాతం, కొన్ని వాడుకుంటే సగం, ఏవీ వాడకపోయినా మూడోవంతు. కానీ అది లాయర్లను పెట్టుకుని ఢిల్లీదాకా పోగలిగిన పెద్ద నగరం తెచ్చుకున్నది. వీధిదీపాల కరెంటు బిల్లు చూసి తల పట్టుకునే పల్లె పంచాయతీ ఆ పని ఎప్పటికి చేస్తుంది? ఇంత గొప్ప సంస్థ రావడం మంచిదే, కాదనను. దాని గోడ అవతల ఉన్న రోడ్డుకూ కాలువకూ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నా ప్రశ్న.

నీళ్ళ సంగతీ అంతే. చిత్రావతి చిక్కబళ్ళాపురం కొండల్లో పుట్టి, బాగేపల్లి మీదుగా మన రాష్ట్రంలోకి దిగుతుంది. బాగేపల్లి దగ్గర పరగోడులో కర్ణాటక ఆనకట్ట కట్టినప్పుడు పెద్ద గొడవే జరిగింది. ఇటు పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరుకు 2016లో హంద్రీ-నీవా నీళ్ళు వచ్చాయి. శ్రీశైలం దగ్గర మొదలైన ఆ కృష్ణా నీళ్ళే కార్ల ఫ్యాక్టరీకీ పోతున్నాయి. చిత్రావతి మాత్రం ఏళ్ళ తరబడి ఇసుకే. 2021 నవంబరు వానలకు ఒక్కసారిగా పొంగి పారింది. ఆ నీళ్ళు పుట్టపర్తికి పోయేముందు గోరంట్ల పక్కనుంచే పోయాయి.