పదిలో నాలుగు ఫైనల్ టేబుళ్లు: అనంతపురం వాడికి పోకర్ కలిసొచ్చిన కథ

2022 ఏప్రిల్‌లో ఒక పది రోజులు నేను మేధావిని. అలాగని నేనే అనుకున్నా.

బెంగళూరులో పీజీ రూమ్. పగలు జావా కోడ్, రాత్రి ఫోన్లో పోకర్. ఎంట్రీ 55 రూపాయలు, అందులో 50 ప్రైజ్ మనీకి, 5 కంపెనీకి. తొంభై మంది మొదలుపెడితే చివరికి తొమ్మిది మంది ఫైనల్ టేబుల్‌కి చేరతారు. నేను పది టోర్నమెంట్లు ఆడితే నాలుగింట్లో ఫైనల్ టేబుల్, ఒకదాంట్లో ఏకంగా ఫస్ట్. రూమ్మేట్‌కి బిర్యానీ పెట్టించి, బ్లఫ్ ఎట్లా పట్టాలో క్లాస్ కూడా పీకినా.

బీటెక్ చదివినోన్ని కదా, ఆ లెక్క అప్పుడే వేసుండాల్సింది. అందరూ సమానంగా ఆడతారనుకుంటే, ఫైనల్ టేబుల్‌కి చేరే ఛాన్స్ పదిలో ఒకటి. పది ఆటల్లో నాలుగు, అంతకంటే ఎక్కువసార్లు చేరే ఛాన్స్ సుమారు 1.3 శాతం. చాలా తక్కువ అనిపిస్తాది. కానీ ఆ రాత్రుల్లో పదివేల మంది తలా పది టోర్నమెంట్లు ఆడారనుకోండి. ఏ తెలివీ లేకుండానే దాదాపు 128 మందికి నాకు పట్టిన అదృష్టమే పడతాది. 128 మందీ ఎవరి రూమ్‌లో వాళ్లు బిర్యానీ తింటా, మేము తోపులం అనుకుంటాంటారు. మిగతావాళ్లు యాప్ డిలీట్ చేసి నిద్రపోయింటారు.

ఈ పిచ్చికి ప్రపంచంలో ఒక అసలు కథ ఉంది. 2003, అమెరికా. క్రిస్ మనీమేకర్ అని టెనెసీ రాష్ట్రంలో అకౌంటెంట్, వయసు 27. ఇంటిపేరు నిజంగానే అది, నేను పెట్టింది కాదు. ఆన్‌లైన్‌లో 86 డాలర్ల చిన్న టోర్నమెంట్ గెలిచి, లాస్ వేగాస్ వరల్డ్ సిరీస్‌కి సీటు సంపాదించినాడు. అక్కడ 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు ఇంటికి తెచ్చుకున్నాడు. మరుసటేడు అదే పోటీకి 2,576 మంది వచ్చారు. 2006 నాటికి 8,773 మంది. ఒక్కడు గెలిచిందాన్ని టీవీలో చూసి వేలమంది బయల్దేరినారు.

మన దేశంలో ఇది జూదమా, నైపుణ్యమా అనే గొడవకి తెలుగోళ్ల వాటా పెద్దదే. 1963 మేలో సికింద్రాబాద్‌లో క్రౌన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసినారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు నిజాం కాలపు జూదం చట్టం కింద. అది ఎక్కి ఎక్కి సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబర్‌లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాసినారు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఆట. మూడు ముక్కలాట మాత్రం వట్టి అదృష్టమే అన్నారు. ఆటకి ఐదు పాయింట్ల చొప్పున క్లబ్బు తీసుకునే ఫీజుని కూడా తప్పుబట్టలేదు. కానీ క్లబ్బు ఆట మీద లాభం చేసుకుంటే మాత్రం అది నేరమే అని ఒక మెలిక పెట్టినారు. నా 55లో ఆ 5 రూపాయలు గుర్తున్నాయి కదా? యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ ఈ సికింద్రాబాద్ తీర్పునే గొడుగులా పట్టుకు తిరిగినాయి.

పోకర్ సంగతి మాత్రం ఎటూ తేలలేదు. గుజరాత్ హైకోర్టు 2017లో జూదమే అంది. అదే ఏడాది తెలంగాణ తన చట్టం మార్చి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేసింది. 2020 సెప్టెంబర్‌లో ఆంధ్ర కూడా ఆపేసింది. 2021 అక్టోబర్‌లో కర్ణాటక ఆపితే, 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. అందుకే ఏప్రిల్‌కి నేను బెంగళూరులో మేధావిని అయినా. పండక్కి ఊరికొస్తే యాప్ ఓపెనయ్యేది కాదు, మీ రాష్ట్రంలో లేదు అని మెసేజ్. తిరుగు ప్రయాణంలో బస్సు కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వైపు పోతానే ఆట తెరుచుకునేది. అదే రోడ్డు, అదే ఎర్రమట్టి, అటువైపు నైపుణ్యం, ఇటువైపు జూదం.

ఇప్పుడు చెప్పడానికి ఇబ్బందైన భాగం. చిన్న టేబుళ్లలో నాకు పోటీ లేదనుకుని, మే నెలలో 1,100, 2,200 రూపాయల టోర్నమెంట్లకు ఎక్కినా. రెండు ఏసులు చేతికొస్తే ఎదురు మనిషి ఏ ముక్కలతో ఉన్నా సుమారు 85 శాతం గెలుపు మనదే. కానీ వరసగా ఐదుసార్లు నిలబడాలంటే? 44 శాతమే. సగం కంటే తక్కువ. జూన్ మొదటివారానికి 40 వేలు పోయినాయి. అవి నేను దాచిపెట్టిన డబ్బులే, కానీ శెనక్కాయ విత్తనాలకి ఇస్తానని నాయనకి మాటిచ్చిన డబ్బులు.

అనంతపురం వాన గురించి తెలియనోళ్లకి: ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు దాటితే గొప్ప. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్యం ఇంత దూరం వచ్చేలోపల అలిసిపోతాది. జూన్, జులైలో ఒక పదును పడితే విత్తేస్తారు. ఆ తర్వాత ఊడలు దిగే టైంకి వాన రాకపోతే చేను పచ్చగానే ఉంటాది, పీకితే కింద కాయ ఉండదు. అయినా జిల్లా అంతా ఒకే పంట మీద పడింది. ఎందుకంటే ధర పలికిన ఏడు, వాన కలిసొచ్చిన ఏడు, చేతికొచ్చిన డబ్బు ఎవరూ మర్చిపోరు. మా ఇంట్లో ఇప్పటికీ ఒక మంచి ఏడాది గురించి చెప్తాంటారు, ఆ డబ్బుతోనే మిద్దె వేసినాం అని. మధ్యలో పోయిన ఏళ్లని ఎవరూ లెక్కపెట్టరు.

ఫోన్లో నిజం చెప్పేసినా. నాయన కాసేపు ఏం మాట్లాడలేదు.

"జూదమాడ్తివేం రా?"

"తప్పయింది నాయనా."

"నేను ముప్పయ్యేండ్లుగా ఆడ్తాండా. నన్నెవురూ అడగల్యా."

మరుసటి రోజు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి విత్తనాలు తెచ్చుకున్నాడు. నెలనెలా ఐదు వేలు కట్టి ఆ గాజులు నేనే విడిపించినా. ఎనిమిది నెలలు పట్టింది.

ఆ తర్వాత ఆటకి కూడా కరువొచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అక్టోబర్ నుంచి వేసిన డబ్బు మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా ఆపేసింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్లకి మాత్రం శిక్ష లేదు. నైపుణ్యమా, అదృష్టమా అనే పాత ప్రశ్నని ఈ చట్టం పక్కన పెట్టేసింది. ఏదైనా సరే, డబ్బు పెడితే చాలు, బందే.

ఆ వారం చాలా రోజుల తర్వాత యాప్ తెరిచినా. వాలెట్‌లో 212 రూపాయలు మిగిలున్నాయి. విత్‌డ్రా కొట్టినా, వచ్చినాయి. నాయనకి చెప్తే నవ్వినాడు. ఆయన అప్పటికే సగం చేన్లో శెనక్కాయ మానేసి కంది వేసినాడు. మిగతా సగం మాత్రం శెనక్కాయే.